పన్నెండో గ్లాసు

కన్యకమ్మ వేళ్లకు కళ్లున్నాయని రాయచూరు బజారులో ఒక మాట ఉంది. తీన్ కందీల్ దగ్గర గాజు సామాను అంగడి వాళ్లది. భర్త రామలింగయ్య నలభై ఏళ్లుగా ఆ సామాను మధ్యే కూర్చున్నాడు. అయినా ఏ గ్లాసు ఏ కంపెనీదో ఎవరైనా అడిగితే, "ఇంట్ల ఆమెను అడుగుండ్రి" అని చేతులు దులిపేసుకుంటాడు. ఆమె ఆ గ్లాసును కొంగుతో తుడిచి, కళ్లు మూసుకుని, బొటనవేలి గోరును దాని ఒంటి చుట్టూ నడిపిస్తుంది. కరిగిన గాజును ఇనుప అచ్చులో పోసి అదిమి తీసిన సామానుకు అచ్చు పలకలు కలిసిన చోటల్లా సన్నని అతుకు గీత మిగిలిపోతుంది. గీతలు రెండా, మూడా, నాలుగా అన్నదాంట్లోనే సగం జాతకం ఉంటుంది. మిగతా సగం అడుగున ఉంటుంది: నక్షత్రానికి ఎన్ని కోణాలు, కంపెనీ ముద్ర ఉందా లేదా. చివరికి కళ్లు తెరిచి, "నీకమ్మినోడు అబద్ధం చెప్పిండు" అని తేల్చేస్తుంది. ఆ ముక్క అనేటప్పుడు ఆమెకు లోలోపల కాస్త సంతోషంగా కూడా ఉండేది, దాచడం దేనికి.

అట్లాంటి మనిషి ఆ సోమవారం పొద్దున సత్రం మెట్లెక్కుతూ, ఇవాళ ఒక్కరోజు నా వేళ్లకు తెలిసిందంతా నా నోటికి రానీకు స్వామీ అని మొక్కుకుంది.

సత్రం వాళ్ల కోమటి సంఘానిది. దాని అల్మారాలో పన్నెండు షర్బత్ గ్లాసులున్నాయి. నిజాం కాలంలో కన్యకమ్మ మామగారు హైదరాబాదు నుంచి గడ్డిలో చుట్టి తెప్పించి సత్రానికి ఇచ్చినవి. ఒంటి నిండా దానిమ్మ గింజలు ఒత్తినట్టు ఉంటాయి కాబట్టి బజారులో ఆ నమూనాను అనార్‌దానా అంటారు. అడుగున పదహారు కోణాల నక్షత్రం, దాని మధ్య చెవులు నిక్కించిన చిన్న కుందేలు. ఆ కుందేలు కంపెనీ ఎప్పుడో మూతపడింది. సత్రంలో ఎవరి పెళ్లి జరిగినా మగపెళ్లివారి పెద్దలు పన్నెండు మందికి మొదటి షర్బత్ ఆ గ్లాసుల్లోనే పోయాలి. స్టీలు గ్లాసుల్లో పోస్తే ఆ వియ్యపువారు అలిగి కూర్చుంటారు.

మొన్న గురువారం పెళ్లికి శక్తినగర్ నుంచి లలితాంబ వచ్చింది. ఆమె భర్త అక్కడి కరెంటు ప్లాంటులో ఇంజనీరు. కాలనీలో ఆడవాళ్లు అల్లికలు అల్లుకుంటే ఈమె పాత గాజు పోగుచేస్తుంది. షర్బత్ పళ్లెం కనపడగానే ఒక్కో గ్లాసూ తిరగేసి చూసింది. "పదకొండు ఒక తల్లి బిడ్డలండీ, ఈ ఒక్కటే కాదు. దీనికి కుందేలు లేదు" అంది. అక్కడితో ఆగినా బాగుండేది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లేసరికి, సత్రం ఊడ్చే నింగవ్వ నీళ్లు తాగుతూ కనిపించింది. ఆ చేతిలో కుందేలు గ్లాసు! లలితాంబ మనసులో ఏ కల్మషమూ లేదు. పాత గాజు దొరికిన సంతోషంలో గట్టిగా అరిచిందంతే. విస్తళ్లు వేసేలోపు సత్రమంతా తీర్పు ఇచ్చేసింది: అసలు గ్లాసు కాజేసి, దాని చోట నకిలీది పెట్టింది నింగవ్వ.

నింగవ్వ ముప్పై ఏళ్లుగా అక్కడ ఊడుస్తోంది. ఆమె గ్లాసు పెరటి గోడలోని గూట్లో ఉంటుంది. తాగుతుంది, తానే కడుగుతుంది, తానే పెట్టుకుంటుంది. సంఘంలో ప్రతి మనిషీ ఆ గూటి ముందు నుంచి వెయ్యిసార్లు నడిచాడు. ఒక్కరూ అందులోకి చూసిన పాపాన పోలేదు.

సంఘం అధ్యక్షుడు శివరామకృష్ణయ్య మరీ చెడ్డవాడేమీ కాదు. "తొందరపడొద్దు. సోమవారం కన్యక వదినె వచ్చి గ్లాసు చూసి చెప్పాలె. అది మన పన్నెండింట్లదే అయితే పనిల నుంచి తీసేసి పోలీసు స్టేషన్ల రాసిద్దాం" అన్నాడు. ఆయన లెక్కలో అది న్యాయం.

ఆ కబురు విన్నప్పటి నుంచి కన్యకమ్మకు ముద్ద దిగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదామె. కానీ ఈసారి భుజాన నిజంగానే బూడిద ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్తకు మొత్తం చెప్పేసింది.

అది ఆడబిడ్డ పెళ్లి. వైశాఖం ఎండ. కన్యకమ్మ కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది. నింగవ్వ పనిలో చేరి నెల కూడా కాలేదు, ఏడో నెల కడుపుతో నీళ్ల బిందెలు మోస్తోంది. మోస్తూ మోస్తూ పెరటి గుమ్మం దగ్గర కూలబడి కళ్లు తేలేసింది. కన్యకమ్మ చేతిలో మగపెళ్లివారి షర్బత్ పళ్లెం ఉంది. ఏమీ ఆలోచించలేదు. పళ్లెం కింద పెట్టి, ఒక గ్లాసు తీసి నింగవ్వ నోటికి పట్టింది. అత్తగారు చూసింది. కోప్పడలేదు, అరవలేదు. "పున్నెం చేసినవు పో. ఆ గ్లాసు ఇంక లోపలికి రావొద్దు" అంది. మామగారు లెక్క అడిగితే ఇబ్బంది కదా, అందుకని అంగడి నుంచి అనార్‌దానా నమూనాదే ఇంకో కంపెనీ గ్లాసు తెప్పించింది. దాన్ని కొంగు కింద దాచి తెచ్చి అల్మారాలో పెట్టింది కన్యకమ్మే. మళ్లీ పన్నెండు పన్నెండే అయ్యాయి.

ఈ ముప్పై ఏళ్లూ కన్యకమ్మ ఆ సంగతిని ఒక మంచి పనిగానే దాచుకుంది. నింగవ్వ గూటిలో గ్లాసు మెరిసినప్పుడల్లా, ఆ రోజు ఆమెకు గ్లాసు ఇచ్చింది నేనే కదా అని లోపల చిన్న గర్వం. గ్లాసు ఇవ్వడం ఒకటి, గూట్లో పెట్టడం ఒకటి. ఆ రెండూ కలిపి ఆమె ఎన్నడూ చూసుకోలేదు.

రామలింగయ్య మజ్జిగ గిన్నె పక్కకు జరిపాడు. "నోరు మూసుకొని కూసో. ఈ కాలంల గిసొంటి మాట బయట పడితే కేసైతది. మా అమ్మ ఫోటో ఉన్నది ఆ హాలుల. ఇజ్జత్ ఏమన్న ఉంటదా? ఆ గ్లాసు మనది కాదని చెప్పు, అయిపాయె" అన్నాడు.

"కాదంటే, మరి మన పన్నెండోది యాడ పోయిందని అడగరా? అప్పుడు గూడ నింగవ్వ మీదికే వస్తది. అవునన్నా అదే దొంగ, కాదన్నా అదే దొంగ."

"మా అమ్మ చేసింది మా అమ్మతోనే పోయింది. నీకెందుకే పరేషాన్?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అంటారు. అత్త బతికి ఉన్నన్నాళ్లు ఆ మాట చెల్లుతుంది. అత్త పోయాక ఆ పెంకులన్నీ కోడలి ఒళ్లోనే పడతాయి. కన్యకమ్మ మనసులో ఒక దారి వెతుక్కుంది: అత్త పేరు చెడకుండా, నింగవ్వ మీద మచ్చ పడకుండా గ్లాసుతోనే సాక్ష్యం చెప్పించాలి.

సోమవారం హాలులో బల్ల మీద పదమూడు గ్లాసులు పెట్టారు. అల్మారావి పన్నెండు ఒక వరుస. నింగవ్వది ఒక్కటి ఈ చివర, కింద పాత కాగితం పరిచి. సంఘం పెద్దలు ఆరేడుగురు కుర్చీల్లో కూర్చున్నారు. నింగవ్వ పెరటి గడప అవతల నిలబడింది. చీపురు గోడకు ఆనించి ఉంది. ఆమె కన్యకమ్మ వైపు చూడలేదు.

"చూడు వదినె. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు శివరామకృష్ణయ్య.

కన్యకమ్మ ముందు అల్మారాలోని నకిలీ గ్లాసు తీసుకుంది. అతుకు గీతలు రెండే. అడుగున నక్షత్రం ఉంది, కుందేలు లేదు. తర్వాత నింగవ్వ గ్లాసు పట్టుకుంది. గీతలు మూడు. పదహారు కోణాలు. కుందేలు చెవులు గోరుకు స్పష్టంగా తగిలాయి. ఒంటి మీద గింజ గింజా నిన్న అచ్చులోంచి తీసినంత పదునుగా ఉంది. మిగిలిన పదకొండింటి మీద చెయ్యి వేసింది. అవి చప్పరించిన బెల్లం ముక్కల్లా నున్నబడిపోయాయి. ఎందుకు అరిగాయో ఆమెకు ఎప్పుడో తెలుసు.

"అసలుదే" అంది. కుర్చీలు కదిలాయి. "ఆగుండ్రి, నా మాట అయిపోలేదు. ఇది కుందేలు కంపెనీదే, మన పన్నెండింట్లదే. కానీ ఇది నిన్న మొన్న పోయింది కాదు. శక్తినగర్ల కరెంటు మొదలైనప్పటి సంది మనం గిన్నెలు దేనితోని తోముతున్నం?"

"ప్లాంటు బూడిదతోని" అన్నారెవరో.

"ఆఁ. మెత్తగ ఉంటది, ఉత్తగ దొరుకుతది. ఈ నింగవ్వ కొడుకు హనుమన్నే లారీ మీద నుంచి సంచులు దింపి పోతడు. ఇత్తడికి పెట్టిన చేత్తోనే వంటోళ్లు గాజుకు గూడ పెట్టిండ్రు. వద్దని నేను నూరుసార్లు మొత్తుకున్న, వినలే. పన్నెండేండ్లు రుద్దితే ఈ పదకొండింటి గింజలు అరిగిపోయినయి. ఈ నకిలీది గూడ అంతే అరిగింది, అంటే అదీ అన్నేండ్ల సంది వీటితోనే ఉన్నది. నింగవ్వ గ్లాసుకు బూడిద తగలనే లేదు. ఉత్త నీళ్లతోని కడుక్కున్నది. ప్లాంటు రాకముందే, ఎన్నడో ఇది అల్మారాల నుంచి బయటికి పోయింది."

తన తెలివితో గండం గట్టెక్కినట్టు అనిపించింది ఆమెకు. ఇక లేవొచ్చు అనుకుంది. శివరామకృష్ణయ్య గ్లాసుల వంక చూసి, గడప వంక చూసి, నెమ్మదిగా తల ఊపాడు.

"బాగ చెప్పినవు వదినె. అయితే కొత్త దొంగతనం కాదు, పాత దొంగతనం. అంతే గద? ముప్పై ఏండ్ల సంది ఇక్కడ ఉన్నది ఆమే."

ఇన్నేళ్లు గాజు గురించి కన్యకమ్మ చెప్పిందే వేదం. గాజు గురించి ఎంత చెప్పినా మనుషుల సంగతి అక్కడే ఉంటుందని ఆ క్షణాన తెలిసింది.

"నింగవ్వా, నీకు ఈ గ్లాసు ఎవరిచ్చిండ్రు?" అని అడిగాడు ఆయన.

"ఇచ్చినోళ్లను అడుగుండ్రి" అంది నింగవ్వ. మళ్లీ నేల వంకే చూసింది.

నాలుగు రోజులుగా దొంగ అనిపించుకుంటూ కూడా ఆమె ఆ పేరు బయటపెట్టలేదు. గోడ మీద అత్తగారి ఫోటో, దాని కింద దాతల పేర్ల బండ. కన్యకమ్మ లేచి నిలబడింది.

"దొంగతనం కాదు. మా అత్తమ్మ పెట్టించింది అది గూట్ల" అంది. పెళ్లి, ఎండ, షర్బత్, అంగడి నుంచి తెచ్చిన గ్లాసు, వరుసగా అంతా చెప్పింది. చెబుతున్నంతసేపు అత్తమ్మ అన్నది, అత్తమ్మ చేయించింది అనే వచ్చింది నోటికి. ఒకాయన ఫోటో వైపు చూసి చటుక్కున కళ్లు తిప్పుకున్నాడు.

అప్పుడు గడప అవతల నుంచి నింగవ్వ మాట్లాడింది.

"అత్తమ్మ గూటి దాకా రాలేదమ్మా. గూట్ల పెట్టింది నువ్వు. ‘ఇగ ఇది నీదే నింగీ’ అని నవ్వినవు. నేను గూడ నవ్విన. పెండ్లిల బహుమానం ఇచ్చిండ్రు అనుకున్న. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పిన, గింజల గ్లాసు ఇచ్చిండ్రని. మరునాడు అది పట్టుకొని వంటింటి దిక్కు వస్తే, ‘దాంతోని లోపలికి రాకు’ అన్నవు. అప్పుడు తెలిసింది."

కన్యకమ్మకు నవ్వింది గుర్తుంది. మరునాడు గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. అయినా అది నిజమని ఆమెకు తెలుసు, తన గొంతు ఆ మాట ఎట్లా అంటుందో కూడా తెలుసు.

"అవును. పెట్టింది నేనే" అంది. అత్త పేరు మళ్లీ ఎత్తలేదు.

శివరామకృష్ణయ్య కుర్చీలో సర్దుకున్నాడు. "సరే. దొంగతనం కాదని తేలింది. సంతోషం. పాత కాలం సంగతులు, మన నడుమనే ఉండనీ."

"దొంగ అన్న మాట ఎనుకకు తీసుకున్నరా?" అంది నింగవ్వ.

"తీసుకున్నట్టే గద."

"తీసుకున్నట్టే వద్దు అయ్యా. తీసుకోండ్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. "నింగవ్వ దొంగ కాదు" అన్నాడు, బల్లతో చెబుతున్నట్టు. ఆ తర్వాత పెద్దమనిషి మళ్లీ పెద్దమనిషి అయిపోయాడు. అసలు గ్లాసు అల్మారాలో చేరాలి, అది సంఘం సొత్తు. కన్యక వదినె ఇంటికి తీసుకుపోయి, శుద్ధి చేసి, బూడిదతో నాలుగు దినాలు తోమితే మిగతావాటితో కలిసిపోతుంది. నకిలీది నింగవ్వకు ఇద్దాం, గూట్లో పెట్టుకుంటుంది. లెక్కకు లెక్క సరి. అందరూ తలలూపారు. ఎంత సేపూ గ్లాసు ఎటు పోవాలన్నదే వాళ్ల ఆలోచన. గూడు సంగతి ఎవరికీ తట్టలేదు.

నింగవ్వ చీపురు అందుకుంది. "గూడు మీదే, గ్లాసు మీదే. పెట్టుకోండ్రి" అని పెరట్లోకి వెళ్లిపోయింది.

మరునాటి నుంచి ఆమె పనికి వస్తూనే ఉంది. చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా. నకిలీ గ్లాసు గూట్లో దుమ్ము పట్టింది.

అసలు గ్లాసు కన్యకమ్మ వంటింటి గట్టు మీద నాలుగు రోజులు ఉంది. రామలింగయ్య భార్యతో మాట్లాడడం మానేశాడు. ఆమె బూడిద డబ్బా తీసింది, మూత పెట్టేసింది. రుద్దితే ఆ గింజలు అరుగుతాయి. అరిగితే ఆ గ్లాసు ముప్పై ఏళ్లు ఎక్కడుందో ఇక ఎవరి వేళ్లకూ తెలియదు. ఒక మధ్యాహ్నం దాంట్లో నీళ్లు పోసుకుంది. తాగుదామనే పోసుకుంది. పెదవుల దాకా తెచ్చి, ఆగి, దించేసింది. ఎందుకు దించావే అని అడిగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. సిగ్గుతో ఆమెకే ఏడుపొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

ఐదో రోజు పొద్దున గ్లాసు కడిగి, కొంగులో చుట్టుకుని, ఊరి చివర నింగవ్వ ఉండే వాడకు నడిచింది. ముప్పై ఏళ్లలో ఆ దారి తొక్కడం అదే మొదలు. ఇల్లు అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఎండ అప్పుడే మాడుస్తోంది. దారిలో చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది: ఈ గ్లాసు సంఘానిది కాదు, నీది, గూట్లో కాదు, నీ ఇంట్లో పెట్టుకో, ముందు నీ ఇంట్లో నాకు నీళ్లియ్యి. ఆ చివరి మాట మీద ఆమెకు చాలా ఆశ ఉంది. నీళ్లు తాగితే అంతా కాకపోయినా కొంతైనా కడుక్కుపోతుందనుకుంది.

నింగవ్వ వాకిట్లో కూర్చుని శనగలు చెరుగుతోంది. కన్యకమ్మను చూసి చేట పక్కన పెట్టి లేచింది. "ఏందమ్మా, ఇంత దూరం వచ్చినవు?" అంది.

పేర్చుకున్న మాటల్లో చివరిదే ముందు నోటికి వచ్చింది. కొంగు విప్పి గ్లాసు చేతిలోకి తీసుకుంది కన్యకమ్మ. "నింగవ్వా, జర నీళ్లియ్యి. నీ ఇంట్ల తాగుత" అంది.

నింగవ్వ లోపలికి వెళ్లి చెంబుతో వచ్చింది. రెండో చేతిలో తన స్టీలు గ్లాసు ఉంది. కన్యకమ్మ చేతిలో ఉన్నది చూసి గుమ్మంలోనే ఆగింది. వెనక్కి తిరిగి స్టీలు గ్లాసు లోపల పెట్టి వచ్చింది.

"మంచిదాయె. నీ గ్లాసు నువ్వే తెచ్చుకున్నవు" అంది.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం కూడా లేదు. చెంబు పైకెత్తి, అంచు గ్లాసుకు తగలకుండా, జానెడు ఎత్తు నుంచి నీళ్లు పోసింది. కన్యకమ్మ గ్లాసు చాచి పట్టుకుంది. నిండింది. కడదాకా తాగింది.

నింగవ్వ మళ్లీ కూర్చుని చేట అందుకుంది. తాగిన గ్లాసు ఎక్కడ కడగాలో, ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. కన్యకమ్మ దాన్ని పట్టుకుని వాకిట్లోనే నిలబడింది.